ఎలీహు యేల్ గవర్నరు వంశావళి

చదువవలసిన లేఖన భాగములు: నెహెమ్యా 5:1-19, యెహెజ్కేలు 18:1-20, లూకా 10:17-20



మన పల్లెలలో పెండ్లి మాట ఎత్తగానే పెద్దలు మొదట అడుగునది వంశమును గూర్చియే. ఇంటి పేరేమి, ఎవరి మనుమడు, మేనమామలు ఏ ఊరివారు అని అడుగుదురు. అందులో తప్పు లేదు. చెట్టును చూచి కాయను కొనువాడు తెలివిగలవాడే. అప్పుడప్పుడు పాస్టరునొద్దకు వచ్చి, మా తాత బాప్తిస్మము ఎప్పుడు పొందెనో చూడుమని అడుగువారును గలరు. సంఘపు బీరువాలోని పాత బాప్తిస్మ పుస్తకము తీసి, దుమ్ము దులిపి, ఇద్దరము కూర్చుండి వెదకుదుము. తాత పేరు దొరకును. ఆయన పాత పేరు, క్రొత్త పేరు, ఊరి పేరు ఉండును. తాతకు తాత ఎవరు అని అడిగితిమా, పుస్తకము అక్కడ ఆగిపోవును. అంతకు ముందు మనవారి పేర్లు వ్రాసిపెట్టినవారు లేరు. పట్వారి లెక్కలలో భూమి గలవారి పేర్లుండెను గాని, ఆ భూమిలో నాగలి పట్టినవారి పేర్లు లేవు.

ఈ నెల మీ ముందు ఉంచునది ఇందుకు పూర్తిగా వేరైన ఒక కుటుంబము చరిత్ర. వీరి పేర్లు తరతరములుగా సంఘపు పుస్తకములలోను, ప్రభుత్వపు కాగితములలోను, సమాధి రాళ్లమీదను నిలిచియున్నవి. భక్తి కొరకు సముద్రము దాటిపోయిన కుటుంబమది. ఆ ఇంటి మనుమడు ఒకడు మన చెన్నపట్నమునకు వచ్చి గవర్నరాయెను. అతని పేరు ఎలీహు యేల్. అమెరికా దేశములోని యేల్ విశ్వవిద్యాలయమునకు ఆ పేరు ఇతని వలననే కలిగెను. ఇతని తాతల కథను, ఇతని కథను కలిపి చదివినయెడల, వంశము మనిషికి ఏమి ఇయ్యగలదో, ఏమి ఇయ్యజాలదో మనకు తెలియును.

ఇంటి పేరు, తాతలు

ఇంగ్లాండునకు పడమట వేల్సు అను దేశమున్నది. అందులో ఒక సీమకు ఇయాల్ అని పేరు. మన తెలుగువారికి ఊరి పేరే ఇంటి పేరైనట్లు, ఆ సీమ పేరే వీరికి ఇంటి పేరాయెను. ఇంగ్లీషువారి నోట అది యేల్ అని మారెను. రెక్సామ్ పట్టణమునకు దగ్గర ప్లాస్ గ్రోనో అను ఇంటిలో థామస్ యేల్ అనునతడు కాపురముండెను. ఎలీహుకు ఇతడు తండ్రి తండ్రి. ఇతని భార్య ఆన్. ఆమె చెస్టరు బిషప్పు జార్జి లాయిడ్ గారి కుమార్తె.

1619 లో థామస్ యేల్ చనిపోయెను. ఆన్ ముగ్గురు పిల్లలతో విధవరాలాయెను. పెద్దవాడు డేవిడ్, రెండవవాడు థామస్, ఆడపిల్ల ఆన్. కొన్ని సంవత్సరముల తరువాత ఆ తల్లి లండనులో థెయొఫిలస్ ఈటన్ అను ధనికుడైన వర్తకుని రెండవ వివాహము చేసికొనెను. ఆ విధముగా యేల్ పిల్లలు ఈటన్ ఇంట పెరిగిరి.

ఈటన్ ప్యూరిటన్ మతస్థుడు. ప్యూరిటనులనగా, ఇంగ్లాండు సంఘములో మిగిలియున్న పాత ఆచారములను తీసివేసి, లేఖనములలో ఉన్నదానిని మాత్రమే ఆచరింపవలెనని పట్టుపట్టినవారు. మొదటి చార్లెసు రాజు కాలమున వీరికి కష్టములు హెచ్చెను. వీరి బోధకులను కోర్టులకు ఈడ్చిరి, కొందరిని సేవనుండి తొలగించిరి. 1630 మొదలుకొని వేలకొలది కుటుంబములు ఓడలెక్కి అమెరికా తీరమునకు వలస పోయిరి. 1637 లో ఈటన్ గారును, ఆయన చిన్ననాటి స్నేహితుడైన జాన్ డావెన్‌పోర్టు పాదిరిగారును హెక్టరు అను ఓడలో తమవారిని తీసికొని బోస్టన్ చేరిరి. మరుసటి సంవత్సరము క్విన్నిపియాక్ అను చోటికి పోయి, అక్కడి ఆదివాసులకు కోట్లు, గొడ్డండ్లు, పారలు, కత్తులు ఇచ్చి భూమి తీసికొనిరి. ఆ స్థలమునకు తరువాత న్యూ హేవెన్, అనగా క్రొత్త రేవు, అని పేరు పెట్టిరి.

1639 జూను నెలలో ఆ వలసవారు ఒక ధాన్యపు కొట్టములో కూడుకొని, తమ ఊరి పరిపాలన అంతయు లేఖనముల ప్రకారమే జరుగవలెనని ఒడంబడిక చేసికొనిరి. ఆ సంవత్సరమే ఈటన్ గారిని గవర్నరుగా ఎన్నుకొనిరి. 1658 లో చనిపోవువరకు ఆయనే అక్కడి గవర్నరు.

అదే 1639 లో, ఆగస్టు నెలలో, మన తీరమున మరియొక ఒడంబడిక జరిగెను. తెలుగు నాయకుడైన దామెర్ల వెంకటాద్రి నాయకుడు ఇంగ్లీషు కంపెనీవారికి మద్రాసపట్నమను ఇసుక నేలను కౌలుకిచ్చెను. ఆయన తండ్రి చెన్నప్ప నాయకుని పేరు మీదనే ఆ స్థలము చెన్నపట్నమాయెను. అమెరికా కొట్టములో కూడినవారికి ఈ సంగతి తెలియదు, ఇక్కడివారికి వారి సంగతి తెలియదు. అయినను ఆ రెండు ఊళ్లను ఒక మనుమడు కలుపవలసియుండెను.

భక్తిగల ఇంటిలోని కష్టము

పరిశుద్ధులు కట్టిన ఊరు గనుక అక్కడ కలతలు లేకుండెనని తలంచకుడి. గవర్నరు భార్యయైన ఆన్ ఈటన్ శిశు బాప్తిస్మము సరికాదని నమ్మినది. సంఘములో పసిబిడ్డకు బాప్తిస్మమిచ్చు సమయమున ఆమె లేచి బయటికి వెళ్లెడిది. సంఘ పెద్దలు విచారణ చేసి, ఇంటిలో ఆమె కోపమును గూర్చియు తప్పులెన్ని, 1645 లో ఆమెను సంఘమునుండి వెలివేసిరి. మనస్సాక్షి కొరకు దేశము విడిచివచ్చినవారు మరియొకరి మనస్సాక్షిని ఓర్చుకొనలేకపోయిరి. భర్త మరణమైన పిమ్మట ఆమె ఇంగ్లాండునకు తిరిగి పోయి 1659 లో చనిపోయెను.

ఆమె పెద్దకుమారుడు డేవిడ్ యేల్ బోస్టనులో వర్తకుడుగా స్థిరపడెను. ఆ ప్రాంతమున సంఘ సభ్యులు కానివారికి పౌర హక్కులు లేవు. అట్టివారికి హక్కులియ్యవలెనని 1646 లో కొందరు మనవి వ్రాసికొనిరి. చేవ్రాలు చేసినవారిలో డేవిడ్ ఒకడు. అధికారులు వారికి జరిమానాలు విధించిరి. కొన్ని సంవత్సరములకు అతడు భార్యాబిడ్డలతో ఇంగ్లాండునకు తిరిగి పోయెను. తమ్ముడు థామస్ మాత్రము న్యూ హేవెనులోనే నిలిచెను. అమెరికాలోని యేల్ కుటుంబము థామస్ సంతానమే. మనము తలుపులకు వేయు యేల్ తాళమును కనిపెట్టిన లైనస్ యేల్ ఆ వంశమువాడే.

ఇంకొక సంగతియు దాచక చెప్పవలెను. లేఖనము ప్రకారము ఊరిని నడిపించిన ఈటన్ గవర్నరు ఇంటిలో బానిసలుండిరి. వారిచేత పని చేయించుకొనుట ఆయన భక్తికి అడ్డముగా తోచలేదు. కాబట్టి తాత పరిశుద్ధుడనియు మనుమడు పాపియనియు రెండు ముక్కలుగా చెప్పుట న్యాయము కాదు. మంచి విత్తనముతోపాటు గురుగును ఆ పొలములో మొదటినుండి ఉండెను.

ఎలీహు అను పేరు

డేవిడ్ యేల్‌కు బోస్టనులో 1649 ఏప్రిల్ 5 న పుట్టిన కుమారుడే ఎలీహు. ప్యూరిటనులు పిల్లలకు లేఖనములోని పేర్లు ఏరి ఏరి పెట్టుదురు. ఈ పేరు యోబు గ్రంథములోనిది. యోబును ఓదార్చవచ్చిన ఎలీఫజు, బిల్దదు, జోఫరులకు వారి స్థలము మాత్రమే చెప్పబడినది. ఎలీహుకైతే తండ్రి పేరు, వంశము పేరు కూడ వ్రాయబడినవి. వంశావళి గలవాడు అతడొక్కడే. ఆ ఎలీహు 34వ అధ్యాయములో చెప్పిన సంగతి ఏమనగా, దేవుడు బీదవానికంటె ధనవంతుని ఎక్కువగా చూచువాడు కాడు, వారందరు ఆయన చేతిపనియే. తల్లిదండ్రులు ఆ పేరు పెట్టినప్పుడు ఈ మాటను తలంచిరో లేదో గాని, ఆ బిడ్డ జీవితమంతటికి అది తూకపు రాయిగా నిలిచినది.

ఎలీహు మూడేండ్లవాడై యుండగా తల్లిదండ్రులతో అమెరికా విడిచెను. మరల ఎన్నడును అక్కడికి పోలేదు. లండనులో పెరిగి, కంపెనీ కొలువులో చేరి, 1672 లో తన ఇరువది మూడవ యేట చెన్నపట్నములో దిగెను. ఉద్యోగము గుమాస్తా పని. జీతము ఏడాదికి పది పౌనులు.

చెన్నపట్నములో

ఆ 1672 లోనే గోల్కొండ సింహాసనమున తానీషా కూర్చుండెను. అక్కన్న మాదన్నల కాలమది, భద్రాచల రామదాసు కాలమది. మన మెదకు సీమయు, చెన్నపట్నపు తీరమును అప్పుడు గోల్కొండ ఏలుబడిలోనే ఉండెను. కంపెనీ కోటకు వెలుపల నల్లవారి పట్నమున బేరి తిమ్మన్న, కాశీ వీరన్న వంటి తెలుగు వర్తకులు ప్రసిద్ధులు. మన నేతగాండ్రు నేసిన బట్టయు, కృష్ణ ఒడ్డున కొల్లూరు గనులలో మనవారు త్రవ్విన వజ్రములును ఓడలెక్కి పోవుచుండెను. కంపెనీ ఇచ్చు జీతము చాలనందున, ఉద్యోగులు సొంత వ్యాపారము చేసికొనుట వాడుక. యేల్ వజ్రముల వ్యాపారమున ఆరితేరెను.

అతడు దేవాలయమునకు దూరమైనవాడు కాడు. కోటలో సెయింట్ మేరీ దేవాలయము 1678 లో మొదలుపెట్టి 1680 అక్టోబరు 28 న ప్రతిష్ఠించిరి. ఆ దేవాలయమున జరిగిన మొదటి పెండ్లి ఎలీహు యేల్‌దే. నవంబరు 4 న అతడు క్యాథరిన్ హిన్మర్సు అను విధవరాలిని వివాహము చేసికొనెను. వారికి దావీదను కుమారుడును, ముగ్గురు కుమార్తెలును కలిగిరి. తాత పేరు పెట్టుకొన్న ఆ మగబిడ్డ నాలుగేండ్లయిన నిండకముందే చనిపోయెను. బిడ్డను పాత ఇంగ్లీషు శ్మశానమున పాతిపెట్టి గోరీ కట్టించిరి. ఆ స్థలము తరువాత హైకోర్టు ఆవరణలో కలిసిపోయెను. యేల్ ఇంటి పేరు నిలుపవలసిన కొడుకు వాడొక్కడే. 1689 లో భార్య పిల్లలను తీసికొని ఇంగ్లాండునకు వెళ్లిపోయెను. యేల్ ఇక్కడ వేరొక స్త్రీతో కాపురముండెను. వివాహ ప్రమాణము చేసిన మొదటివాడు దానిని నిలుపుకొనలేకపోయెను.

కరవు

1687 జూలై 25 న ఎలీహు యేల్ చెన్నపట్నపు గవర్నరాయెను. అవి భయంకరమైన దినములు. ఔరంగజేబు సైన్యములు గోల్కొండను ముట్టడించి ఆ సెప్టెంబరులో పట్టుకొనెను. యుద్ధము వెంట కరవు వచ్చెను. పల్లెలు విడిచి జనులు తీరమునకు నడిచిరి. గుప్పెడు బియ్యము కొరకు తమ్మును తామే అమ్ముకొన్నవారు, పిల్లలను అమ్ముకొన్న తల్లిదండ్రులు ఆ రేవున కనబడిరి. కొనువారును ఉండిరి. 1687 లో ఒక్క నెలలోనే ఆ కోటనుండి కనీసము 665 మంది బానిసలుగా ఓడలెక్కిరి. ఐరోపాకు పోవు ప్రతి ఓడలో కనీసము పదిమంది బానిసలను పంపవలెనని నిర్ణయించిన ఆలోచన సభలో యేల్ కూర్చుండెను. అట్టివారిని దూరమందున్న సెయింట్ హెలీనా ద్వీపమునకు పంపుచుండిరి.

1688 లో ఆ సభవారే బానిసల ఎగుమతిని నిషేధించిరి. అయితే దానికి కారణము మనస్సు మారుట కాదు. గోల్కొండను జయించిన మొగలు అధికారులు ఒప్పుకొనలేదు, వారితో తగవు కంపెనీకి నష్టము. అందుచేత ఆపిరి.

ఇప్పుడు నెహెమ్యా గ్రంథము 5వ అధ్యాయము తెరచి చూడుడి. అక్కడను కరవే. అక్కడను జనులు ధాన్యము కొరకు పొలములను, ద్రాక్షతోటలను, ఇండ్లను కుదువపెట్టిరి. అక్కడను కుమారులను కుమార్తెలను దాసత్వమునకు అప్పగించిరి. అక్కడను ఒక గవర్నరు ఉండెను. నెహెమ్యా ఆ మొర విని మిగుల కోపపడి, పెద్దలను సభ ముందు నిలువబెట్టి గద్దించి, పొలములు తిరిగి ఇప్పించి, వడ్డీ మాన్పించెను. పండ్రెండు సంవత్సరములు అధికారిగా ఉండియు, అధికారికి రావలసిన ఆహారమైనను పుచ్చుకొనలేదు. దేవుని భయము చేతనే అట్లు చేయలేదని ఆయనే వ్రాసికొనెను. ఆ అధ్యాయము యేల్ తాతలు కంఠతః ఎరిగినది. యేల్ కూర్చున్న దేవాలయములో చదివినది. చదువుట ఒకటి, రేవున నిలిచి మొర వినుట వేరొకటి.

ఇద్దరు మనుమలు

1688 సెప్టెంబరు 29 న చెన్నపట్నమునకు నగర సభ ఏర్పడెను. దానికి మొదటి మేయరు నథానియేల్ హిగ్గిన్సన్. ఆశ్చర్యమేమనగా ఇతడును ప్యూరిటనుల మనుమడే. న్యూ హేవెను దగ్గర గిల్‌ఫర్డులో పుట్టి, హార్వర్డు కళాశాలలో చదివినవాడు. ఇతని తాత ఫ్రాన్సిస్ హిగ్గిన్సన్ అమెరికాలోని సేలము సంఘమునకు మొదటి బోధకులలో ఒకడు. తండ్రి జాన్ అదే సంఘమునకు పాదిరి.

యేల్ తన పదవిని సొంత లాభమునకు వాడుకొనెనని నింద వచ్చెను. కంపెనీవారు 1692 అక్టోబరులో అతనిని తొలగించి హిగ్గిన్సనును గవర్నరుగా నియమించిరి. ఒక ప్యూరిటన్ మనుమని లెక్కలు మరియొక ప్యూరిటన్ మనుమడు తనిఖీ చేయవలసి వచ్చెను. ఆ తగవులు తెగక, యేల్ ఇంకను ఏడేండ్లు ఇక్కడనే నిలిచిపోయి, 1699 లో గొప్ప ఆస్తితో లండను చేరెను. గుమాస్తాగా దిగి ఇరువదియేడు సంవత్సరములాయెను.

పుస్తకములు, బట్టల మూటలు

ఈలోగా అమెరికాలో, తాత ఈటన్ స్నేహితుడైన డావెన్‌పోర్టు పాదిరిగారు కలగన్న కళాశాల వేరొకరి చేతుల మీదుగా 1701 లో పుట్టి, 1716 లో న్యూ హేవెనుకు చేరెను. కట్టడమునకు డబ్బు చాలలేదు. బోస్టనులోని కాటన్ మాథర్ పాదిరిగారు 1718 లో యేల్‌కు జాబు వ్రాసి, సహాయము చేసినచో కళాశాలకు అతని పేరు పెట్టవచ్చునని సూచించెను. కొడుకు లేనివానికి పేరు నిలుచునను మాట తీయగా తోచియుండును. అతడు 417 పుస్తకములు, జార్జి రాజు చిత్రపటము, తొమ్మిది మూటల సరకు పంపెను. అందులో కాలికో, మస్లిను మొదలగు బట్టలుండెను. ఆ సరకు అమ్మగా 562 పౌనుల 12 షిల్లింగులు వచ్చెను. కళాశాలకు యేల్ అను పేరు స్థిరపడెను. ఆ చిన్న కళాశాల 1887 లో విశ్వవిద్యాలయమాయెను. ఆ విధముగా, మూడేండ్ల ప్రాయమున అమెరికా విడిచిన మనుమని పేరు తాత కట్టిన ఊరిలో శాశ్వతమాయెను.

ఎలీహు యేల్ 1721 జూలై 8 న లండనులో చనిపోయెను. తాతల ఊరైన రెక్సామ్ దేవాలయపు ఆవరణలో పాతిపెట్టిరి. సమాధి మీద పద్యము చెక్కియున్నది. అతడు నాలుగు ఖండములు చూచిన సంగతియు, అతడు చేసిన మేలు, చేసిన కీడు రెండును అందులో ఒప్పుకొనబడినవి. అవి త్రాసులో సరిపోయి, కనికరము వలన అతని ఆత్మ పరలోకము చేరినదని ఆశింపబడినది.

సహోదరులారా, ఆ త్రాసును కొంచెము ఆలోచింపుడి. ఒక తట్టలో 417 పుస్తకములు, తొమ్మిది మూటల బట్టలు. రెండవ తట్టలో ఒక్క నెలలో ఓడలెక్కిన 665 మంది మనుష్యులు. ఏ తట్ట లేచును, ఏ తట్ట దిగును? మనిషికి మనిషి బరువు తూగు సరకు ఏ అంగడిలోను లేదు. ప్రకటన గ్రంథము 18వ అధ్యాయములో బబులోను వర్తకుల సరకుల జాబితా చదివితిరా? బంగారముతో మొదలై మనుష్యుల ప్రాణములతో ముగియును. దేవుడు ఆ జాబితాను మరువలేదు.

జక్కయ్య కూడ అధికారియే, ధనవంతుడే. యేసు అతని ఇంట అడుగుపెట్టినప్పుడు అతడు బీదలకు సగము ఆస్తి ఇచ్చి, ఎవరియొద్ద అన్యాయముగా తీసికొనెనో వారికే నాలుగంతలు తిరిగి ఇయ్యబోయెను. యేల్ కానుక మంచిదే. వేలమంది విద్య నేర్చుకొనిరి. కాని అది ఎక్కడ గాయము చేసెనో అక్కడికి రాలేదు, ఎక్కడ పేరు వచ్చునో అక్కడికి పోయెను. అతని ఆత్మను గూర్చి తీర్పు తీర్చుట మనకు తగదు. చివరి గడియలో కనికరమును వేడుకొనెనేమో దేవునికే తెలియును. మనకు తెలిసినది ఒక్కటి: మేలుతో కీడును కొట్టివేయు లెక్క సువార్తలో లేదు. మన మీదనున్న ఋణపత్రమును క్రీస్తు సిలువకు కొట్టి తుడిచివేసెను. అది అంగీకరించినవాడు జక్కయ్యవలె లేచి నిలిచి, తాను దోచినదానిని తిరిగి ఇచ్చును.

పేరు లేని బిడ్డ

1719 ప్రాంతమున చిత్రించిన ఒక పటమున్నది. యేల్ బల్లయొద్ద గొప్పవారితో కూర్చుండియున్నాడు. ప్రక్కన ఒక నల్లని బాలుడు సేవ చేయుచు నిలిచియున్నాడు. వాని మెడకు తాళము వేసిన లోహపు పట్టీ ఉన్నది. బల్లయొద్ద కూర్చున్న కుటుంబమునకు తాతముత్తాతల పేర్లన్నియు దొరకును. ఆ బిడ్డ పేరు ఎవరును వ్రాసిపెట్టలేదు. 2020 లో ఆ పటమును విశ్వవిద్యాలయపు చిత్రశాలలో గోడమీదనుండి దింపి, ఆ బిడ్డను గూర్చి విచారింప మొదలిడిరి. 2024 లో ఆ విశ్వవిద్యాలయమువారు బానిసత్వముతో తమకు గల పూర్వ సంబంధమును ఒప్పుకొని క్షమాపణ చెప్పిరి. మూడు వందల యేండ్లకైనను తాతల తప్పు ఒప్పుకొనుట మంచిదే.

ఆ పటము సంగతి చదివినప్పుడు నాకు మన బాప్తిస్మ పుస్తకము జ్ఞాపకము వచ్చినది. ఆ 665 మందిలో మన సీమవారు ఎందరో! వారి పేర్లు ఏ పుస్తకములోను లేవు. మన తాతల తాతల పేర్లును లేవు. లోకము వ్రాయలేదు గనుక దేవుడును వ్రాయలేదందుమా? డెబ్బదిమంది శిష్యులు దయ్యములు తమకు లోబడినవని సంతోషించుచు వచ్చినప్పుడు, అందుకు కాక తమ పేర్లు పరలోకమందు వ్రాయబడినందుకు సంతోషింపుమని ప్రభువు చెప్పెను. ఆ శిష్యులలో ఒకని పేరైనను సువార్తలో లేదు. అయినను పరలోకపు పుస్తకములో ఉన్నది.

మన మెదకువారు మరియొక కరవును ఎరుగుదురు. మొదటి ప్రపంచ యుద్ధ కాలమున జనులు ఆకలితో అలమటించినప్పుడు పాస్నెట్ దొరగారు దేవాలయపు కట్టడము చేయించి, రాయి మోసినవారికి, సున్నము కలిపినవారికి పని కల్పించి అన్నము పెట్టించిరి. 1924 డిసెంబరు 25 న ప్రతిష్ఠింపబడిన ఆ దేవాలయము నేటికిని నిలిచియున్నది. కరవు ఒకటే. రేవున నిలిచినవాడు ఆకలిగొన్నవానిని వెల కట్టి చూచెను. మెదకులో నిలిచినవాడు దేవుని చేతిపనిగా చూచెను. ఇద్దరు సముద్రము దాటి వచ్చినవారే, ఇద్దరు ఒకే లేఖనము చదివినవారే.

మన మాట

ఇప్పుడు మన సంగతి. మనలో అనేకులు మూడవ తరము, నాలుగవ తరము విశ్వాసులము. మా తాత ఈ ఊరిలో మొదటి క్రైస్తవుడు, మా ఇంట పాస్టర్లు పుట్టిరి అని చెప్పుకొందుము. సంతోషమే. ఎలీహు యేల్ మూడవ తరమువాడు. ముత్తాత బిషప్పు, నాయనమ్మ మనస్సాక్షి కొరకు వెలివేయబడినది. వారి విశ్వాసము రక్తముతోపాటు అతనిలోనికి ప్రవహింపలేదు. యెహెజ్కేలు 18వ అధ్యాయములో ప్రభువు తేటగా చెప్పెను: తండ్రి నీతి కుమారునికి లెక్కింపబడదు, తండ్రి దోషము కుమారుడు మోయడు. ఎవని తరములో వాడు దేవునికి జవాబు చెప్పవలెను. ఇది మేము పెద్ద కుటుంబము అనువారికి హెచ్చరిక. మా తాతకు పేరే లేదు అనువారికి ధైర్యము.

అప్పు క్రింద పిల్లలను జీతమునకు పెట్టుకొనుట 1976 లోనే చట్టము నిషేధించినది. అయినను ముందు డబ్బు తీసికొని, పసిపిల్లలతో సహా ఇటుక బట్టీలకు పోయి చిక్కుకొను కుటుంబములు నేటికిని కలవు. ఆ ఇల్లు మన ప్రక్కనే యుండవచ్చును. ఆ ఇంటివారు ఆదివారము మన చాప మీదనే కూర్చుండి పాడియుండవచ్చును. వాన లేని సంవత్సరము వారు బయలుదేరునప్పుడు మనము ఊరి రేవున నిలిచినట్టే. ఒక బస్తా బియ్యము, ఒక నెల తిండి, ఒక పిల్లవానిని బడిలో నిలుపు పైకము సంఘము ఇయ్యజాలదా? క్రీస్తు బల్లయొద్దకు వచ్చిన తరువాతను, వీరు ఏ వాడవారు అని లోలోపల తూచుకొను అలవాటు ఇంకను ఎందుకు?

ఈ నెల కుటుంబ ప్రార్థనలో మీ పెద్దలను పిల్లలతో కూర్చుండబెట్టి, మీకు తెలిసినంతవరకు తాతల పేర్లు ఒక కాగితము మీద వ్రాయుడి. ఎక్కడ పేర్లు ఆగిపోవునో అక్కడ గీత గీయుడి. ఆ గీతకు పైన ఉన్నవారిని దేవుడెరుగునని పిల్లలకు చెప్పుడి. ఆ తరువాత, ఈ యేడు వలస పోవుటకు సిద్ధమగుచున్న ఒక కుటుంబము పేరు క్రింద వ్రాసి, వారి కొరకు ప్రార్థించి, మరునాడు వారి ఇంటికి పోవుడి.

పేరు లేనివారిని పేరు పెట్టి పిలుచు ప్రభువు మన పేర్లను తన జీవగ్రంథమందు నిలుపును గాక. ఆమేన్.